నేను ఆపించిన ఏడుపు

ఉదయం తొమ్మిదింటికి పది నిమిషాలు తక్కువ ఉండగా, గూడూరు బస్టాండు ఎదుటి కిరాణా కొట్టులో బ్యాటరీలు కొని టేప్ రికార్డరులో వేశాను. "తిరగేసి వేస్తే ఖరాబైతది సారూ, బొడిపె ఇటు దిక్కుండాలె" అని కొట్టతను చూపించాడు. అతను చూపించినట్టే వేశాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. మధ్యాహ్నానికల్లా ఒక తండా మొత్తాన్ని గుండెలు బాదుకునేలా చేశాను. ఎవరూ చనిపోని చోటికి పూలదండ తెప్పించాను. నిరాహార దీక్షలో కూర్చోవాల్సిన వాళ్లను మాంసం కూర ముందు కూర్చోబెట్టాను. ఇదంతా చరిత్రను కాపాడే ప్రయత్నంలో జరిగింది. తాగి చేసి ఉంటే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. నేను నర్సంపేట వైపున్న గూడూరులో సోషల్ టీచరును. పొద్దున కాసేపు దీక్ష శిబిరంలో కూర్చునేవాణ్ణి, ఆ తర్వాత పని ఉండేది కాదు. పని లేని టీచరు ఎంత ప్రమాదకరమో ఊళ్లో ఎవరికీ అప్పటికి తెలియదు.

ఈ చరిత్ర పిచ్చి నాకు అంతకు ముందు ఏడాది జనగామలో పట్టింది. మా నాన్న దినాలప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను, అక్కడ ఆగిపోయాను. కాకతీయుల వంశం మొదటి నుంచి చివరి దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా ముత్తాత పేరు తెలియదు. తెలిసిన మనిషి ఎదురుగా ఫోటోలో ఉన్నాడు. "ఏదో ఒకటి చెప్పండి, పొద్దుపోతున్నది" అన్నారు అయ్యగారు. నేను ఏదో ఒకటి చెప్పాను. ఆ ఏదో ఒక పేరుకే పిండం పెట్టి ఇంటికి వచ్చాను.

సమ్మె మొదలయ్యాక శిబిరంలో రోజూ ఒకే మాట వినేవాళ్లం: మన చరిత్ర మనమే రాసుకోవాలని. మైకులో ఆ మాట అన్న వాళ్లెవరూ రాయడం మొదలుపెట్టలేదు. నేను మొదలుపెట్టాను. చుట్టుపక్కల ఒక్కో ఊరికి ఒక్కో పేజీ చొప్పున పుస్తకం వేద్దామని మేం కొందరం టీచర్లం అనుకున్నాం. బళ్లో ఇంగ్లిషు పాఠాలు వినిపించడానికి ఇచ్చిన టేప్ రికార్డరు బీరువాలో ఉండేది. దాన్ని తీసుకున్నాను.

ముందు నెల్లికుదురు వైపు తిరిగాను. అక్కడ చరిత్రకు కొరత లేదు. ఒకే బావిని తమ తాతే తవ్వించాడని మూడిళ్ల వాళ్లు చెప్పారు. మూడూ రికార్డు చేసుకున్నాను. ఒక ముసలాయన తన తాత పులిని చెప్పుతో కొట్టాడన్నాడు. పరిశోధకుడికి వివరాలు ముఖ్యమని ఎక్కడో చదివినందువల్ల, ఏ కాలి చెప్పు అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి "ఎడమ కాలిది" అన్నాడు. అప్పటినుంచి నన్ను గౌరవంగా చూశాడు.

గూడూరుకు తిరిగొచ్చాక బీల్యా నాయక్ నన్ను శిబిరంలో పట్టుకున్నాడు. అడవి అంచున ఉన్న తండాకు అతను పెద్దమనిషి. పిల్లలు మా బళ్లోనే చదివారు.

"సారూ, అన్ని ఊర్లకు పేజీలు రాస్తున్నవంట. మా తండాకు పేజీ ఉన్నదా?"

"ఉంటది అన్నా. మీ తండా ఎప్పుడు పుట్టిందో, ఎవరు కట్టారో ఎవరన్నా చెప్పాలె."

"నాకేమెరుక? మా యాడికి ఎరుక." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "జల్ది రాయి సారూ. ఏదన్న కాయితం కోసం ఆఫీసుకు పోతే మీరు ఏడికెళ్లి వచ్చిండ్రని అడుగుతరు. పుస్తకంల లేకపోతే రేపు మేం లేనట్టే."

అతను నవ్వుతూనే అన్నాడు కానీ, నా భుజం మీద వేసిన చెయ్యి వెంటనే తీయలేదు.

బీల్యా తల్లి పేరు సోమ్లీ. అందరూ సోమ్లవ్వ అనేవాళ్లు. మొదటిసారి ఆమె ముందు కూర్చున్నప్పుడు, నా ప్రశ్నలు నేనే తయారుచేసుకున్న పుస్తక భాషలో ఉన్నాయి.

"అవ్వా, మీ పూర్వీకులు ఈ ప్రాంతంలో స్థిరనివాసం ఏర్పరచుకోవడానికి దారితీసిన పరిస్థితులు ఏమిటి?"

ఆమె కొడుకు వైపు చూసింది. "గీ సారు ఏ ఊరాయన?"

"జనగామే యాడీ."

"మరి మనిషి లెక్క మాట్లాడడేంది?"

నేను ప్రశ్న మార్చాను. "అవ్వా, మీరు ఈడికి ఎట్ల వచ్చిండ్రు?"

"నడిచి వచ్చినం."

"ఏడికెళ్లి?"

"దూరంకెళ్లి."

"వచ్చి ఏం చేసిండ్రు?"

"తిన్నం, పన్నం, పిల్లల్ని కన్నం. ఏం చేస్తరు ఎవలైనా?"

టేపులో ఇంతే ఉంది. ఆ తర్వాత కోడి కూత ఉంది. దానికి చెప్పాలనే కోరిక ఆమె కంటే ఎక్కువున్నట్టు వినిపిస్తుంది.

రెండోసారి వెళ్లినా, మూడోసారి వెళ్లినా అదే వరస. చివరికి ఆమెకు నా మీద జాలి కలిగింది.

"నాయినా, నువ్వడిగితే నాకు యాదికి రాదు. గది ఒక్కదానికి వచ్చేది కాదు. మా అక్క రావాలె."

అక్క పేరు చాంది. టేకుమట్ల వైపు ఒక తండాలో ఉంటుంది. ఇద్దరూ కలుసుకుని చాలా ఏళ్లయింది. ఒకరి ఇంట్లో చావులు, ఇంకొకరి ఇంట్లో జబ్బులు, మధ్యలో కూలి పనులు. ఇప్పుడైతే బస్సులే లేవు.

"అక్క రావాలె" అన్న మాటను నేను ఎలా అర్థం చేసుకున్నానో చెబితే నా చదువు మీద మీకు ఒక అంచనా వస్తుంది. అక్కకు జ్ఞాపకశక్తి ఎక్కువ కాబోలు, ఇద్దరినీ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే ఒకరు మరచింది ఇంకొకరు అందిస్తారు అనుకున్నాను. మా బళ్లో పిల్లలు పరీక్షలో చేసే పనే. అక్కడైతే కొడతాను, ఇక్కడ ప్రోత్సహిద్దామనుకున్నాను.

బీల్యా, నేను కలిసి చాంది అవ్వ మనుమడికి ఫోన్లు చేశాం. అతను ఆమెను ట్రాక్టరు మీద కొంత దూరం, ఆటోలో కొంత దూరం తెచ్చి, నర్సంపేటలో ఇంకో ఆటో ఎక్కించి వెనక్కి పోయాడు. నేను బ్యాటరీలు వేసుకుని తండా చేరేసరికి ఆమె ఇంకా రాలేదు. వచ్చే చుట్టం కోసం మేకను తేవడానికి బీల్యా పక్క తండాకు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ "సారూ, నేనొచ్చేదాక జర చూసుకో" అన్నాడు. చూసుకున్నాను.

ఆటో తండా బయట ఆగింది. తల మీద మూటతో ఒక ముసలామె దిగి నడిచి వస్తోంది. రికార్డరును మంచం మీద పెట్టి ఎర్ర బొత్తాం నొక్కాను. సోమ్లవ్వ ఆమెను చూసి లేచి నిలబడింది. తల మీది ముసుగును ముఖం మీదికి లాక్కుంది. ఎదురు వెళ్లలేదు. చాంది అవ్వ మూట దించి వచ్చి చెల్లెలి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ ఒకేసారి గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు.

అది మామూలు ఏడుపు కాదు. ఒకరు దీర్ఘం తీసి ఏవో మాటలు అంటే, ఆమె ఊపిరి అయిపోయిన చోట రెండో ఆమె అందుకుంటోంది. నాకు వాళ్ల భాషలో వచ్చినవి పిల్లలు బళ్లో తిట్టుకునే మాటలు మాత్రమే. అవి ఆ ఏడుపులో లేవు. కాబట్టి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అయినా, ఎవరిదో చావు కబురు చాంది అవ్వ తెచ్చిందని నాకు తేలిపోయింది.

నేను గమనించాల్సింది ఒకటుంది. పక్కింటామె గుమ్మం ముందు కూర్చుని జొన్నలు చెరుగుతూనే ఉంది. ఇద్దరు మనుషులు మెడలు పట్టుకుని ఏడుస్తుంటే ఆమె చాటలోంచి రాళ్లు ఏరి పారేస్తోంది. చావు కబురు వచ్చిన చోట ఎవరూ జొన్నలు చెరగరు. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, పాపం, దుఃఖంలో కూడా పని తప్పని బతుకులని మనసులో ఒక వాక్యం రాసుకున్నాను. మంచి వాక్యమే. తప్పుడు వాక్యాలు సాధారణంగా బాగానే ఉంటాయి.

ఆ రోజుల సంగతి కూడా చెప్పాలి. ఏ ఫోను మోగినా భయం వేసేది. రాష్ట్రం కోసమని పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రోజులు. శిబిరంలో ఏ సభ అయినా రెండు నిమిషాల మౌనంతో మొదలయ్యేది. టేకుమట్ల వైపు కూడా అలాంటిదే జరిగి ఉంటుందనీ, ఈమె మనుమల్లో ఒకడు పోయి ఉంటాడనీ అనుకున్నాను. పొద్దున ఫోనులో మాట్లాడిన మనుమడు గుర్తుకు రావాల్సింది. రాలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఎదుటి మనిషి దుఃఖాన్ని టేపులో పట్టుకోవడం అసభ్యమని నాకు ఒక నియమం ఉంది. గౌరవంగా ముందుకు వంగి రికార్డరు ఆపేశాను.

తర్వాత ఫోను తీశాను. తండాలో సిగ్నల్ దొరకాలంటే తలవాకిట ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కాలి. ఎక్కి యాకూబ్ అన్నకు ఫోను చేశాను. ఆయన గూడూరులో దర్జీ. సమ్మె మొదలైన దగ్గరనుంచి బట్టలు కుట్టడం మాని నల్ల జెండాలు కుడుతూ, శిబిరం బాధ్యత మోస్తున్నాడు.

"అన్నా, తండాలో ఎవరో పోయారు. టేకుమట్లకెళ్లి కబురొచ్చింది."

"ఇన్నా లిల్లాహి... ఎవలు సారూ?"

"తెలవదు."

"పోరడా?"

"అయి ఉంటడు."

"ఉద్యమంలనా?"

నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో "తెలవదు" అని ఉంటే ఈ కథ ఇంతటితో ఆగిపోయేది. "అయి ఉంటది" అన్నాను.

"ఆడనే ఉండు. వస్తున్నం."

కిందికి దిగి వచ్చేసరికి అక్కాచెల్లెళ్లు ఇంకా ఏడుస్తున్నారు. ఇంత దీర్ఘంగా, ఇంత క్రమంగా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. నేను చేతులు కట్టుకుని తల దించుకుని నిలబడ్డాను. జొన్నలు చెరిగే ఆమె నన్ను చూసి, ఈ సారుకు ఏమైందన్నట్టు నోటి మీద చెయ్యి వేసుకుంది. సానుభూతి అనుకున్నాను.

ట్రాలీ ఆటోలో యాకూబ్ అన్న వచ్చాడు. వెంట శిబిరం జనం, మైకు, నల్ల జెండాలు, ఇంత లావు బంతిపూల దండ.

"బాడీ ఏది సారూ?"

"ఇంకా రాలేదనుకుంటా."

"ఏడికెళ్లి రావాలె?"

"టేకుమట్లకెళ్లి."

"బస్సుల్లేవు గద. ఎట్ల తెస్తరు?" ఆయన దండను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "సరే, పేరేంది? జోహార్ ఎవలికి అనాలె?"

"పేరు లేకుండా అనలేమా?"

"ఎట్లంటం? 'అమరుడు' అని ఆగితే జనం నా మొఖం చూడరా? ఫోటో అన్న ఉన్నదా?"

"అన్నా, ఇప్పుడు ఎట్ల అడుగుతం? చూడు, ఎట్ల ఏడుస్తున్నరో."

యాకూబ్ అన్న చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నిజమే. ముందు మౌనం పాటిద్దాం. పేరు తర్వాత."

మైకు నా చేతికి వచ్చింది. నాకు ముప్పై ఏళ్ల పాటు పిల్లల్ని నిశ్శబ్దంగా ఉంచిన అనుభవం ఉంది. "తండా ప్రజలందరూ దయచేసి లేచి నిలబడి, రెండు నిమిషాలు మౌనం పాటించాల్సిందిగా మనవి" అన్నాను. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చారు. జొన్నలామె చాటతో సహా నిలబడింది. ఏడుస్తున్న ఇద్దరు మాత్రం ఆగలేదు. మౌనం పాటిస్తున్నది వాళ్ల కోసమే కదా అని దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి "అవ్వా, జర ఆగుండ్రి. మౌనం" అన్నాను.

వాళ్లు ఆగారు. చాంది అవ్వ ఒక మాట సగంలో ఉండి ఆగింది. ముసుగు తీసి, నల్ల జెండాలనూ దండనూ చూసింది. చెల్లెలిని వాళ్ల భాషలో ఏదో అడిగింది. చెల్లెలు తెలియదన్నట్టు తల ఊపింది.

తండా అంతా నిశ్శబ్దం. ఎవరైనా కాసేపు నిశ్శబ్దంగా ఉంటే ఆలోచిస్తారు కదా. అక్కడ ఉన్న ప్రతి ఆడమనిషికీ ఇంట్లో ఒకరు దూరాన ఉన్నారు. హైదరాబాద్‌లో కట్టడం పనికి పోయిన మొగుడు, క్వారీలో కొడుకు, హాస్టల్లో బిడ్డ. దండ తెచ్చారు, పేరు చెప్పడం లేదు. అంటే ఎవరి వాళ్లకో చెప్పడానికి భయపడుతున్నారన్న మాట. జొన్నలామె చేతిలో చాట జారింది. "నా కొడుకా!" అని ఒక్క కేక పెట్టింది.

అది విని రెండో ఆమె, ఆమెను చూసి మూడో ఆమె. ఫోనున్న వాళ్లంతా ట్రాక్టరు ట్రాలీ మీదికి పరుగెత్తారు. ట్రాలీ ఒక వైపు ఒరిగింది. ఒకే ఫోనులో ముగ్గురు మాట్లాడుతున్నారు. "ఉన్నవా? బతికే ఉన్నవా? మరి ఎవలు పోయిండ్రు?" హైదరాబాద్ నుంచి ఎవరో "ఏమో, మాకేమెరుక, మీరే చెప్పాలె" అని అరవడం నాకు కింద నిలబడి వినిపించింది. ఇప్పుడు తండాలో ఏడవని మనుషులు ఇద్దరే: సోమ్లవ్వ, చాంది అవ్వ.

సరిగ్గా అప్పుడే మేకను తాడు పట్టుకుని బీల్యా వచ్చాడు. జెండాలు చూశాడు, దండ చూశాడు. తాడు వదిలేసి "యాడీ!" అంటూ ఇంటివైపు పరుగెత్తాడు. వాకిట్లో తల్లి నిలబడి ఉంది. ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"నువ్వు మంచిగనే ఉన్నవ్ గద!"

"నాకేమైతది? నీకేమైంది?"

అతను మా వైపు తిరిగాడు. "ఎవలు పోయిండ్రు యాకూబన్నా?"

"మీరే చెప్పాలె నాయక్. సారు ఫోన్ చేస్తే వచ్చినం."

"సారూ?"

"మీ పెద్దమ్మ కబురు తెచ్చింది కదన్నా" అన్నాను.

"ఏం కబురు?"

"వచ్చుడు వచ్చుడే ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడిచిండ్రు."

బీల్యా నన్ను అలాగే చూశాడు. అతని ముఖంలో కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. పెద్దమనిషి కాబట్టి నవ్వు ఆపుకోవడానికి మీసం పట్టుకున్నాడు.

"సారూ, చుట్టమొచ్చింది! చుట్టమొస్తే ఏడ్వరా?"

మా ఇళ్లలో చుట్టాలు వస్తే లోపలికి వెళ్లి ఏడుస్తాం. అది వేరే సంగతి.

"మా తాన పెద్దోళ్లు శాన రోజులకు కలిస్తే గట్లనే పలకరించుకుంటరు" అన్నాడు బీల్యా. "ఏడికెళ్లి వచ్చినం, ఎవలు పుట్టిండ్రు, ఎవలు పోయిండ్రు, అన్నీ అండ్లనే అనుకుంటరు. నువ్వు మూడుసార్లు వచ్చి అడిగింది గదే సారూ. మంచిగ టేపుల పట్టినవా?"

"ఆపేశాను."

"టేపా?"

"ముందు టేపు. తర్వాత ఏడుపు."

యాకూబ్ అన్న భుజం మీది దండ వైపు చూసుకున్నాడు. పోయిన వాళ్ల కోసం తెచ్చిన దండను బతికున్న వాళ్ల మెడలో వేయకూడదు, వెనక్కి తీసుకుపోతే శిబిరంలో ఏం చెప్పాలి. ఆయన దాన్ని మెల్లగా మంచం కోడు మీద పెట్టాడు. మేము క్షమాపణలు చెప్పుకుంటూ ఉండగా, తాడు వదిలేసిన మేక వచ్చి దాన్ని తినేసింది. ఆ రోజు మొత్తంలో తెలివిగా వ్యవహరించిన ప్రాణి అదొక్కటే. పాపం, మధ్యాహ్నం తండాలో నిజంగా పోయింది కూడా అదే.

"యాకూబన్నా, నువ్వే కొయ్యి. అందరం తింటం" అన్నాడు బీల్యా. "కానీ మీరు దీక్షల ఉన్నరు గద?"

"మా వంతు నిన్ననే అయిపోయింది" అన్నాడు యాకూబ్ అన్న, కత్తి అడుగుతూ.

తిన్నాం. జొన్నలామె నా ఆకులో ముక్కలు వేస్తూ "మా పోరడు ఫోన్ల ఏడ్చిండు సారూ. నా మీద గంత పాణముందని నాకిప్పటిదాక తెల్వదు" అంది. నన్ను క్షమించిందో లేదో తెలియలేదు. ముక్కలైతే బాగానే వేసింది.

చేతులు కడుక్కున్నాక నా లోపలి పరిశోధకుడు మళ్లీ లేచాడు. వెళ్లి అక్కాచెల్లెళ్ల ముందు కూర్చున్నాను. దయచేసి ఈ భాగం మా బడి పిల్లలకు చదివి వినిపించకండి.

"అవ్వా, జర మళ్లొక్కసారి ఏడుస్తరా?"

యాకూబ్ అన్న తల పట్టుకున్నాడు. సోమ్లవ్వ మాత్రం నా ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు.

"కలిసినం గద నాయినా. కలిసినంక ఏడుపెట్లొస్తది?"

"మరి నేను మళ్ల పోయి రావాల్నా?" అంది చాంది అవ్వ. ఆమె ఎగతాళికి అంది. నేను ఆశగా చూశాను. ఆమె నా ముఖం చూసి, చెల్లెలి ముఖం చూసి, మూట అందుకుంది.

"వద్దు పెద్దమ్మా" అన్నాడు బీల్యా.

"పోనీరా. గీ సారు మొఖం చూస్తే నిన్న అమ్మ పోయినట్టున్నది."

ఆమె తల మీద మూట పెట్టుకుని తండా చివర రోడ్డు దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, ఇప్పుడే ఆటో దిగినట్టు మళ్లీ నడుచుకుంటూ వచ్చింది. తండా అంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. నేను ఎర్ర బొత్తాం నొక్కాను. సోమ్లవ్వ లేచి ముసుగు లాక్కుంది. చాంది అవ్వ మూట దించి మెడ చుట్టూ చేతులు వేసింది. ఒక దీర్ఘం మొదలైంది. అది వణికింది, ఆగింది. ముసుగు లోపల ఎవరో ఫక్కున నవ్వారు. రెండో ఆమె కూడా అందుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోయి, నిలబడలేక నేల మీద కూలబడి, కళ్ల నీళ్లు కారేలా నవ్వారు. ఎంత ఆపుకుందామనుకున్నా ఒకరి ముఖం ఒకరు చూడగానే మళ్లీ మొదలయ్యేది. ట్రాలీ మీద ఏడ్చిన వాళ్లందరూ నవ్వారు. టేపు ఒక వైపు అయిపోయేదాకా నవ్వారు.

"పట్టినవా సారూ?" అన్నాడు యాకూబ్ అన్న.

"మొత్తం పట్టాను."

కొన్ని రోజుల తర్వాత బీల్యా మా ఇంటికి వచ్చి, నేను ఆపేయక ముందు పడిన ముక్కను విని అర్థం చెప్పాడు. సోమ్లవ్వ గొంతు ముందు వస్తుంది. మా నాయన బండి కట్టిండు అంటుంది. రెండు ఎడ్లలో ఎర్రది దారిలో కుంటిదైంది అంటుంది. అడవిలో ఆకులు పరుచుకుని పడుకున్నాం, అమ్మ మనకు పెట్టి తాను తినలేదు అంటుంది. వాగు వచ్చింది, నీళ్లు ఎక్కువున్నాయి, తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు అంటుంది. అక్కడ చాంది అవ్వ గొంతు అందుకుంటుంది. తమ్ముడా అని పిలుస్తుంది. పేరు చెప్పబోతుండగా టక్‌మని చప్పుడు వస్తుంది. అది నా వేలు.

"నీకొక మేనమామ ఉన్నట్టు తెలుసా?" అని బీల్యాను అడిగాను.

"లేదు సారూ. ఇప్పుడే విన్న."

మళ్లీ వెళ్లి సోమ్లవ్వను అడిగాను. ఈసారి రికార్డరు తీసుకుపోలేదు.

"పోయినోని పేరు ఉత్త నోటితోని ఎట్ల తీస్త నాయినా? అక్కతోని ఏడుస్తుంటే వస్తది. మళ్ల కలిసినప్పుడు అంటం. గప్పుడు రా. కానీ మైకు తేకు."

పుస్తకం ఆలస్యమైంది. బీల్యా వాళ్ల పేజీలో ఆ పేరు పడాలని కావాలనే ఆలస్యం చేశాను. తెలంగాణ వచ్చింది, అందరం రోడ్ల మీద రంగులు చల్లుకున్నాం. అక్కాచెల్లెళ్లు మాత్రం కలవలేదు. ఆ ఏడు చలికాలం టేకుమట్ల నుంచి కబురు వచ్చింది. ఈసారి నిజమైన కబురు. చాంది అవ్వ పోయింది. సోమ్లవ్వను తీసుకుని బీల్యా వెళ్లి వచ్చాడు. తిరిగొచ్చాక బడి దగ్గరికి వచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"యాడి మస్తు ఏడ్చింది సారూ. బండి కాడికెళ్లి మొదలువెట్టింది. ఎద్దు చెప్పింది, అడవి చెప్పింది. వాగు దాక వచ్చి ఆగింది."

"ఎందుకాగింది?"

"ఆడికెళ్లి పెద్దమ్మ వంతు."

పుస్తకంలో తండాకు పేజీ ఉంది. అందులో బండి ఉంది, ఎద్దు ఉంది, వాగు ఉంది. వాగు దగ్గర పేజీ అయిపోతుంది. చదివిన వాళ్లు అచ్చు తప్పు పడిందా అని అడుగుతారు. బీల్యా మాత్రం ఆ పేజీని అద్దం కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఎవరైనా ఆఫీసు మనిషి వస్తే ముందు అదే చూపిస్తాడు.

కాబట్టి, పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇద్దరు ఆడవాళ్లు ఏడుస్తున్న చోట మైకు ముట్టను. ఎవరు పోయారో తెలియకుండా ఎవరికీ ఫోను చేయను. ఎదుటివాళ్ల మీద గౌరవంతో ఏ బొత్తామూ నొక్కను. బతికున్నంత కాలం మౌనం పాటించమని ఎవరినీ కోరను, తొమ్మిదో తరగతి బి సెక్షన్‌ను తప్ప.

ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం కష్టమేమీ కాలేదు. ఆ తండాలో ఇప్పుడు చుట్టాలు వస్తే ఎవరూ ఏడవరు.